ఏడుపు రాయని పాఠం

వైలాకీల గురించి నేను రాసిన పాఠంలో మొదటి వాక్యమే తప్పు. "ఈ ప్రజలు తమను తాము వైలాకీలని పిలుచుకుంటారు" అని రాశాను. నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పేరంటూ ఉంది కాబట్టి వాళ్ళే పెట్టుకుని ఉంటారనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతూ, పిల్లల నోటు పుస్తకాల్లో తప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుడుతున్నదాన్ని నేను. నా సొంత తప్పు మాత్రం నాకు కనపడలేదు.

హైదరాబాదులో పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళు కొందరు ప్రపంచంలోని తెగల మీద చిన్న పాఠాలు రాయించుకుంటున్నారు. వాళ్ళలో ఒకాయన నాకు ఫోన్ చేసి, "మీరు లంబాడీలు కదా మేడమ్, మీకైతే బాగా అర్థమవుతుంది" అన్నాడు. ఒళ్ళు మండింది. లంబాడీ అయితే అమెరికా కొండల్లో మనుషులు ఎట్లా అర్థమవుతారు? అయినా ఒప్పుకున్నాను. పేరు అచ్చులో చూసుకోవాలన్న యావ ఆ మంటకంటే పెద్దది. నా వంతుకు వచ్చినవాళ్ళు వైలాకీలు. కాలిఫోర్నియా ఉత్తరాన, ఈల్ అనే నది ఒడ్డున బతికినవాళ్ళు.

మా ఇల్లు నారాయణఖేడ్‌లో బస్టాండుకు అవతలి వీధిలో ఉంది. పుట్టింది మాత్రం కంగ్టి వైపు ఒక తండాలో. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ నా దగ్గరే ఉండేది. సాయంత్రం బడి నుంచి వచ్చి నేను కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, ఆమె ఎదురుగా చేటలో కందులు పోసుకుని రాళ్ళు ఏరేది.

"ఏం రాస్తున్నవే?" అని అడిగింది ఒకనాడు.

"అమెరికాల అడవి మనుషుల ముచ్చట."

"మనలాంటోళ్ళా?"

"మనమేం అడవి మనుషులం కాదు" అన్నాను.

"సరే తియ్, టౌను మనుషులం. వాళ్ళేం తింటరో చెప్పు."

చెప్పాను. ఓక్ అనే చెట్టు కాయలు ఏరుకొచ్చి, ఎండబెట్టి, పెంకు తీసి దంచుతారు. ఆ పిండి ఒట్టి చేదు. ఇసుకలో గుంట చేసి అందులో పిండి పరిచి, చేదంతా దిగిపోయేదాకా నీళ్ళు పోస్తూనే ఉంటారు. నీళ్ళు కారనంత దగ్గరగా బుట్టలు అల్లి, ఆ బుట్టల్లోనే కాల్చిన రాళ్ళు వేసి జావ ఉడికిస్తారు.

అమ్మ చేట పక్కన పెట్టింది. "ఎన్నిమాట్ల పోస్తరు నీళ్ళు?"

"పుస్తకంల లేదు."

"చేదు పోయినట్టు ఎట్ల ఎరుక? నాలికెకు పెట్టుకుంటరా?"

"అదీ లేదు."

"గా పుస్తకం రాసినోడు ఒక్కనాడన్న వండిండా?"

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. చదువురాని మనిషి నా చదువులో చిల్లు వెతుకుతోందని చిరాకేసింది. ఆ చిరాకు గుర్తుకొస్తే ఇప్పుడు నా ముఖం నాకే చూడబుద్ధి కాదు.

అయినా రోజూ చెప్పించుకునేది. చలికాలమంతా నది పక్కన, చెట్టు బెరడు పలకలతో కట్టిన ఇళ్ళలో ఉండేవాళ్ళని చెప్పాను. వానలు మొదలయ్యాక సముద్రం నుంచి పెద్ద చేపలు నదికి ఎదురెక్కి వస్తే వలలతో, బల్లేలతో పట్టి ఎండబెట్టుకునేవాళ్ళని, ఎండలు రాగానే ఇళ్ళు వదిలి కొండలెక్కి, దుంపలూ గింజలూ ఏరుకుంటూ, జింకల్ని వేటాడుతూ ఆరుబయట గడిపేవాళ్ళని చెప్పాను. ముఖం మీద పచ్చబొట్లు పొడిపించుకునేవాళ్ళని చెప్పినప్పుడు అమ్మ తన రెండు ముంజేతులు ముందుకు చాపి చూసుకుంది. మోచేతుల దాకా పచ్చబొట్లే. "మరి మంచోళ్ళే" అంది.

కొండలెక్కడం, దిగడం ఆమెకు వెంటనే అర్థమైంది. మా తండా కూడా అంతే. చేలో పని అయిపోయాక మనుషులందరూ లారీలెక్కి చెరుకు కొట్టడానికి కర్ణాటకకూ మహారాష్ట్రకూ పోయేవాళ్ళు. ఒక్కో కుటుంబం ఒక్కో చోటికి. అయిదారు నెలల తర్వాత ఎండలు ముదిరాక తిరిగొచ్చేవాళ్ళు.

"కొండల మీదికెల్లి అందరు ఒక్కకాడికి వచ్చినప్పుడు ఆడోళ్ళు ఏడుస్తరా?" అని అడిగింది అమ్మ.

ఎందుకడిగిందో నాకు తెలుసు. తెలియనట్టు, "ఎందుకేడుస్తరు, బతికొచ్చినందుకా?" అన్నాను.

"అవ్, గందుకే."

"పుస్తకంల లేదమ్మా."

"ఏడుపు రాయని పాఠం ఏం పాఠమే" అని మళ్ళీ చేట అందుకుంది.

ఇది తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. మాలో ఆడవాళ్ళు చాలా రోజులకు కలిస్తే ముందు మాట్లాడుకోరు, ఏడుస్తారు. ఒకరి మెడ మీద ఒకరు తల వాల్చి, రాగం తీసి, వరస పెట్టి పిలుచుకుని, విడిపోయిన రోజు నుంచి ఏమేం జరిగిందో అంతా ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. ఎవరి ఇంట్లో ఎవరు పోయారు, ఎవరి కాలు కొడవలికి తెగింది, ఎవరికి పిల్ల పుట్టింది, అన్నీ. ఒకరు ఎత్తుకుంటే రెండోవాళ్ళు బదులు ఏడవాలి. బదులు రాకపోతే నీకూ నాకూ ఏమీ లేదన్నట్టే. చెరుకు నుంచి లారీలు తిరిగొచ్చిన సాయంత్రం మా తండా అంతా ఆ ఏడుపే ఉండేది. అది అయ్యాకే పొయ్యిలు వెలిగించేవాళ్ళు. చిన్నప్పుడు నాకది భయంగానూ ఉండేది, హాయిగానూ ఉండేది.

అది ఊరికే రాదు, నేర్చుకోవాలి. పెళ్ళికూతురు పుట్టింటి నుంచి వెళ్ళేటప్పుడు ఏడ్చే ఏడుపుకు మాలో ఢావ్లో అని పేరే ఉంది. నా పెళ్ళికి ముందు నెలరోజులు అమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కో వాక్యం చెప్పి చూసింది. బి.ఇడి. చదివిన పిల్లను, కాలేజీ స్నేహితులు వస్తారు, వాళ్ళ ముందు రాగాలు తీసి ఏడవనన్నాను. పెళ్ళిరోజు అమ్మ నా మెడ మీద తల పెట్టి ఎత్తుకుంది. నేను గుంజలాగా నిలబడ్డాను. ఆమె ఒక్కతే కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, పెళ్ళివాళ్ళకు నీళ్ళు ఇయ్యడానికి పోయింది.

నారాయణఖేడ్‌లో మొదట అద్దె ఇంట్లో ఉన్నాం. అమ్మ వచ్చిన కొత్తలో ఇంటి ఓనరమ్మ ఒకరోజు గుమ్మంలో నిలబడి, "ఏంది టీచరమ్మా, మీ ఇంట్ల ఎప్పుడు కొట్లాటేనా?" అంది. కొట్లాట కాదు. నేనూ అమ్మా కూర గురించి మాట్లాడుకుంటున్నాం, మా బోలిలో, అంటే మా తండా భాషలో. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే అమ్మకు చెప్పాను. "ఇగ ఇంట్ల మన బోలి వద్దు. పాపకు తెలుగు సక్కగ రాదు." మా ఆయన కూడా తండా మనిషే. ఆయనకూ ఈ ఏర్పాటు నచ్చింది.  అమ్మకు వచ్చిన తెలుగు సంతలో బేరమాడే తెలుగు. ఆ తెలుగుతోనే ఇరవై ఏళ్ళు నా ఇంట్లో బతికింది, దానితోనే నా కూతుర్ని పెంచింది. నా కూతురికి మా బోలి ఒక్క ముక్క రాదు. రాకపోవడం నా గొప్పగా చెప్పుకున్నాను కూడా, స్టాఫ్ రూములో.

తండా ఆడవాళ్ళు బజారు పని మీద వచ్చినప్పుడు అమ్మను చూడడానికి వచ్చేవాళ్ళు. అమ్మ వాళ్ళను గుమ్మంలోనే ఆపి, వీధి చివరికి తీసుకుపోయి, అక్కడ గోడ చాటున మెడలు కలుపుకుని ఏడ్చి, ఆ తర్వాత ఇంటికి తెచ్చి చాయ్ పోసేది. నాకు తెలుసు. చూశాను కూడా. చూడనట్టే ఉన్నాను.

ఇంతా చేసి, పాఠంలో ఏం రాశానో చెబుతాను. బంగారం కోసం, పశువుల మేత కోసం తెల్లవాళ్ళు ఆ లోయల్లోకి వచ్చి వైలాకీలను వేటాడి చంపారనీ, మిగిలినవాళ్ళను ఇతర తెగలతో కలిపి ఒక లోయలోకి తోలారనీ, పిల్లల్ని బడుల్లో పెట్టి సొంత భాష మాట్లాడితే శిక్షించారనీ రాశాను. ఆ శిక్షల దగ్గర "ఇది అమానుషం" అని ఒక వాక్యం నా సొంతంగా చేర్చాను. అదే వారం ఆరో తరగతిలో తండా పిల్ల ఒకతె పక్కపిల్లను పెన్సిల్ అడిగింది, మా బోలిలో. "ఇది బడి, తండా కాదు. తెలుగుల అడుగు" అని లేపి నిలబెట్టాను. నేనూ తండాదాన్నేనని ఆ పిల్లకు తెలుసు. గంట కొట్టేదాకా నా ముఖమే చూస్తూ నిలబడింది. అమానుషం అన్న మాట నా కలంలోంచి ఎంత సులువుగా వచ్చిందో.

కొన్నాళ్ళకు హైదరాబాదు ఆయన ఫోన్ చేసి మొదటి వాక్యం మార్చమన్నాడు. వైలాకీ అన్నది వాళ్ళు పెట్టుకున్న పేరు కాదట. తూర్పు పక్కన ఉండే ఇంకో తెగ మాట. ఉత్తరాది భాష అని అర్థమట. అది విని రాసుకున్నవాళ్ళు అదే వాళ్ళ పేరనుకున్నారు. అమ్మకు చెబితే, "మనల్ని లంబాడోళ్ళు అన్నట్టు" అంది. నిజమే. మేం మమ్మల్ని అట్లా అనుకోం.

"మరి వాళ్ళ పేరేంది?"

"తీరుతీరుగ రాసిర్రు. నాకు తేలలే."

"అడగకపోయినవా?"

"అడుగుదామంటే గా భాష ఇంట్ల మాట్లాడేటోళ్ళు లేరమ్మ ఇప్పుడు. మనుమలు, మునిమనుమలు ఉన్నరు. కొందరు పాత కాయితాల్లకెల్లి మళ్ళ నేర్చుకుంటున్నరంట."

"మనుమలు ఉన్నరు, మాటలు లేవు" అని అమ్మ రెండుసార్లు అనుకుంది. నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, నేను కూడా నాలుగు మాటలు అని తేలికపడేదాన్ని.

ఆ తర్వాత నెల తిరక్కుండానే, గిన్నెలు కడుగుతూ కడుగుతూ అమ్మ పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం. ఇక్కడి దవాఖాన నుంచి సంగారెడ్డికి తీసుకుపోయాం. పది రోజులు తెలివీ తెప్పరా లేకుండా ఉంది. ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. నోటికి వచ్చే ఒకటీ అరా మాటలు కూడా మా బోలిలోవే. నేను తెలుగులో ఏదడిగినా గోడను చూసినట్టు చూసేది. కొందరికి ఇట్లా అవుతుందని డాక్టరు చెప్పాడు. తర్వాత నేర్చుకున్న భాష కొట్టుకుపోయి, తల్లి ఒళ్ళో నేర్చింది మిగులుతుందట. నేను పెట్టిన భాష పోయింది, నేను తీసేసింది మిగిలింది. ఇంతకంటే పెద్ద తీర్పు ఏ కోర్టూ చెప్పదు.

నా కూతురు హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో పని చేస్తుంది. ఏడాదిగా ఇంటికి రాలేదు. అమ్మను దవాఖాన నుంచి తెచ్చాక సెలవు పెట్టి వచ్చింది. బడిలో పరీక్షలు నడుస్తున్నాయి, నాకు సెలవు దొరకలేదు. పగలంతా అమ్మమ్మ దగ్గర అదే కూర్చునేది. తుడవడం, తిప్పడం, జావ పట్టడం, అన్నీ నాకంటే ఓపికగా చేసింది. దాన్ని ఒక్క మాట అనడానికి లేదు.

నాలుగో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి అది వీధి గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అమ్మమ్మకు ఇయ్యాల మంచిగ తెలివొచ్చిందమ్మా. నన్ను గుర్తు పట్టింది. తెలుగుల మాట్లాడింది గూడ."

"తెలుగులనా? ఏమన్నది?"

"యాడ, యాడ అని పొద్దుగాలకెల్లి అడుగుతనే ఉన్నది. యాడున్ననో ఎరుక లేక పరేషాన్ అయితున్నదని, ఈడనే ఉన్నవ్ అమ్మమ్మా, ఇంట్లనే ఉన్నవ్, నారాయణఖేడ్‌ల ఉన్నవ్ అని చెప్పిన. ఎన్నిసార్లు చెప్పిన్నో. మళ్ళ అదే మాట, రాగం తీసుకుంట. మంచి చెయ్యి నా మెడ మీదేసి గుంజింది. లేవబోయి కింద పడుతదని, చెయ్యి తీసి పక్కకు పెట్టి పండుకోబెట్టిన."

చేతిలో సంచీ గుమ్మంలోనే దించేశాను.

యాడ కాదు. యాడీ. మా బోలిలో యాడీ అంటే అమ్మ. తెలుగువాళ్ళు ఆడపిల్లను తల్లీ అని పిలిచినట్టే, మా ముసలివాళ్ళు మనుమరాళ్ళను యాడీ అంటారు. ఏడాది తర్వాత కనపడిన మనుమరాలిని చూసి మా అమ్మ ఏడుపు ఎత్తుకుంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి, నా ఇంటి లోపల, గోడ చాటుకు పోకుండా. మెడ మీద చెయ్యి వేసింది లేవడానికి కాదు. బదులు కోసం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బదులు కోసం పిలుస్తూ ఉంటే, మనుమరాలు ఆమెకు ఊరి పేరు చెప్పింది.

లోపలికి పోయాను. అమ్మ కళ్ళు తెరిచే ఉంది. చెంప మీద చారలు ఎండిపోయి ఉన్నాయి. నేను వంగి ఆమె మెడ మీద తల పెట్టాను. "యాడీ" అన్నాను. ఎడమ చెయ్యి వచ్చి నా వీపు మీద పడింది. ఆ చేతిలో బలం ఇంకా ఉంది. ఆమె ఆగింది, నా తర్వాతి మాట కోసం. నాకు తర్వాతి మాట లేదు. పిలిచాక రాగం ఎట్లా దిగుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ముందు ఏది చెప్పి తర్వాత ఏది చెప్పాలో నాకేమీ తెలియదు. "నేనే, వచ్చిన" అన్నాను మా బోలిలో, తడుముకుంటూ. నా నోట వచ్చింది ఏడుపు కాదు, హాజరు. కాసేపటికి వీపు మీది చెయ్యి తీసేసుకుంది. ఆ తర్వాత మా ఇద్దరినీ పిలవలేదు. మూడో రోజు పోయింది.

ఆ మూడు రోజుల్లో ఒకసారి నా కూతురు అడిగింది. "అమ్మమ్మ యాడికి పోతనని అడిగిందంటవ్ అమ్మా?"

చెప్పాల్సింది. చెబితే అది కూలిపోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. చెబితే "మరి నాకెందుకు నేర్పలేదు?" అని అది అడుగుతుంది. అసలు భయం అదీ. "తండాకు పోతనని ఉంటది" అన్నాను. "నువ్వు సక్కగనే చెప్పినవ్."

అది నమ్మింది. నేను చెబితే నమ్మక ఏం చేస్తుంది? వైలాకీల గురించి నేను చదివిన కాగితాలు గుర్తొచ్చాయి. ఎవరో ముసలామెను ఎవరో అడిగి ఉంటారు, ఆమె ఏదో అని ఉంటుంది, పక్కన ఉన్న కూతురో కోడలో సిగ్గుపడో భయపడో ఇంకోటి చెప్పి ఉంటుంది. అది పుస్తకమై ఉంటుంది. దాన్ని నేను పాఠంగా రాశాను. నీళ్ళు ఎన్నిసార్లు పోస్తారో తెలియదు, ఎందుకేడుస్తారో తెలియదు, పేరు కూడా తెలియదు. కానీ పాఠం మాత్రం బాగుందన్నారు.

అమ్మను తండాకే తీసుకుపోయాం. ఆడవాళ్ళు అప్పటికే వాకిట్లో కూర్చుని ఉన్నారు. మా చిన్నమ్మ, అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు, గోడ పట్టుకుని లేచి వచ్చింది. నా దగ్గరికి రాలేదు. నా పెళ్ళి చూసిన మనిషి ఆమె. నన్ను దాటుకుని నా కూతురి దగ్గరికి పోయి, దాని మెడ మీద తల వాల్చి, "యాడీ..." అని రాగం ఎత్తుకుంది. వెనక ఆడవాళ్ళందరూ బదులు కోసం ఆగారు.

నా కూతురు ఆమె వీపు మీద మెల్లగా నిమిరింది. శవం వైపు చెయ్యి చూపించింది.

"ఈడనే ఉన్నది చిన్నమ్మమ్మా, ఈడనే ఉన్నది" అంది.

వాకిట్లో ఏడుపు ఆగిపోయింది. ఆడవాళ్ళు దాని వైపు చూడలేదు. నా వైపు చూశారు.